పోటీకి చెక్క గరిటె చెక్కుతున్నారా? ఏం వడ్డిస్తారో ముందు తేల్చుకోండి

మీ కాలనీ సంఘమో, యువజన సంఘమో, బడి పాత విద్యార్థులో చెక్కపని పోటీ పెట్టి, ఈసారి అందరూ వడ్డన సామాను చేసి తేవాలి అన్నారనుకోండి. చాలామంది ఫోన్‌లో బొమ్మలు వెతికి, నచ్చినదాన్ని చూసి చెక్కడం మొదలుపెడతారు. బల్లమీద పెడితే అది బాగానే కనిపిస్తుంది. దాంతో అన్నం తీయబోతేనే అసలు సంగతి బయటపడుతుంది. పిడి జారుతుంది, అంచుకు మెతుకులు పట్టుకుంటాయి, గిన్నె అడుగుకు గరిటె అందదు. వడ్డించలేని వడ్డన సామానుకు బహుమతి రాకూడదని నా గట్టి అభిప్రాయం. ముఖ్యంగా మన నెల్లూరు, ప్రకాశం వైపు. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు జీఐ (ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) తెచ్చుకున్న నేల ఇది. ఇక్కడ పుట్టి చెక్క గరిటె చేసేవాళ్ళు ముందు వంటకం గురించి ఆలోచించాలి, నగిషీ గురించి తర్వాత చూసుకోవచ్చు.

అందుకని పని ఉలితో మొదలుపెట్టకండి, వంటింట్లో మొదలుపెట్టండి.

వంటకాన్ని బట్టి ఆకారం

ఏ గిన్నెలోంచి, ఏ పదార్థం, ఎవరి పళ్ళెంలోకి? ఈ మూడూ తేలితే ఆకారం సగం తేలినట్టే. సంగటి కెలకడానికి తెడ్డు కావాలి. దానికి బలమైన మెడ, పొడుగు పిడి ఉండాలి, గుంట అక్కర్లేదు. అన్నానికి హస్తం వెడల్పుగా, అంచు పల్చగా ఉండాలి, లేకపోతే మెతుకులు నలుగుతాయి. ఊరగాయ జాడీకైతే తల సన్నగా ఉండి జాడీ మూతిలోంచి దిగాలి. పిడి జాడీ లోతు కంటే కనీసం నాలుగు వేళ్ళు ఎక్కువ ఉండాలి. పచ్చళ్ళకు చెక్క గరిటె మంచిదని మన ఇళ్ళలో ఊరికే అనలేదు. పులుపు, ఉప్పు కలిసి ఇనుము, ఇత్తడి లాంటి లోహాలను తింటాయి, చెక్కను అలా తినవు.

నా ఓటు మాత్రం చేపల పులుసు గరిటెకే. నెల్లూరు చేపల పులుసును గరిటె పెట్టి తిప్పరు, దాకను రెండు చేతులతో పట్టుకుని తిప్పుతారు. గరిటెతో తిప్పితే ముక్క విరుగుతుంది కాబట్టి. ఇంత జాగ్రత్తగా వండిన ముక్క వడ్డించేటప్పుడు లోతైన స్టీలు గరిటె అంచుకు తగిలి రెండయిపోతుంది. ముక్క కిందికి మెల్లగా జారి, దాన్ని చెదరకుండా ఎత్తి, దాంతోపాటు నాలుగు చెంచాల పులుసు కూడా తెచ్చే గరిటె చాలా ఇళ్ళలో లేదు. పోటీకి ఇంతకంటే మంచి లెక్క ఏముంటుంది? ఇక్కడినుంచి దాన్నే ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను. మీరు వేరేది చేస్తున్నా వరస ఇదే.

ముందు దాక తీసి కొలవండి. మూతి వెడల్పు, లోతు, అడుగు వంపు రాసుకోండి. మామూలు ఇంటి దాకకు తల 3 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల పొడుగు, పిడితో కలిపి మొత్తం 12 అంగుళాలు సరిపోతుంది. గుంట లోతు మూడు నూళ్ళకు మించనక్కర్లేదు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఇప్పుడు గట్టి అట్టముక్కను ఆ ఆకారంలో కత్తిరించి, ఖాళీ దాకలో పెట్టి చూడండి. అడుగుకు ఆనాలంటే మణికట్టు ఎంత వంచాల్సి వస్తోంది? పిడి దాక అంచుకు కొట్టుకుంటోందా? కొట్టుకుంటే పిడి పైకి లేవాలన్నమాట. అట్టను మెడ దగ్గర వంచి, చెయ్యి హాయిగా ఉన్న చోట ఆపి, పక్కనుంచి ఆ వంపును కాగితం మీద గీసుకోండి. ఈ రెండు గీతలే, పైనుంచి చూసిన ఆకారం, పక్కనుంచి చూసిన వంపు, మీ ప్లాను.

చెక్క ఎక్కడిది, ఏది

ఉదయగిరి పనివాళ్ళు దగ్గరి కొండల్లో దొరికే నర్ది, బిక్కి, దేవదారి లాంటి చెక్కలు వాడతారు. గట్టిగా, నార సన్నగా, రంధ్రాలు కనపడనంత దగ్గరగా ఉండే చెక్కలవి. వడ్డన సామానుకు కావలసిన గుణం కూడా అదే. రంధ్రాలు పెద్దవైతే మసాలా, నూనె అందులో దూరి వాసన పట్టేస్తుంది. అలాగని కత్తి పట్టుకుని మీరు కొండెక్కకండి. అడవి చెక్క కొట్టాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి. ఎర్రచందనం జోలికైతే అసలు పోవద్దు, అది మీ సొంత పొలంలో పెరిగినా అనుమతి లేకుండా కొట్టడం నేరం. పోటీ బల్లమీద ఎర్రచందనం చెంచా పెట్టి, ఎక్కడిదని అడిగితే నీళ్ళు నమలడం ఎవరికీ మంచిది కాదు.

మన చుట్టూ వేరే చెక్క బోలెడు ఉంది. గాలివానకు పడిన కొమ్మలు, కరెంటు తీగలకు అడ్డమని కొట్టేసినవి, పాత తోట తీసేస్తే మిగిలినవి చూడండి. చింత చేవ (కొమ్మ నడుమ ఉండే ముదురు చెక్క) నల్లగా ఎర్రటి జీరతో చాలా గట్టిగా ఉంటుంది. మాంసం కొట్టులో మొద్దుగా నిలబడేది అదే. చెక్కడానికి శ్రమే గానీ పులుసుకు దానంత బాగా నిలిచేది తక్కువ. నల్లతుమ్మ కూడా ఆ కోవదే. పనస పసుపు రంగుతో అందంగా ఉంటుంది, ఉలికి బాగా లొంగుతుంది. మామిడి మెత్తన కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్ళకు సులువు, కానీ పుచ్చు త్వరగా పడుతుంది. వేప గట్టిదే, పచ్చిగా ఉన్నప్పుడు చేదు వాసన వేస్తుంది కాబట్టి బాగా ఆరాకే వాడండి, అదీ పొడి పదార్థాలకు. సుబాబుల్ ప్రకాశం పొలాల్లో కావలసినంత దొరుకుతుంది, దాని తెల్ల భాగానికి పుచ్చు భయం ఉంది.

నేను గట్టిగా చెప్పేది మాత్రం చిల్లచెట్టు గురించి. అదే సర్కారు తుమ్మ. చెరువు కట్టల మీద, బీళ్ళలో పాకి రైతును ఏడిపించే ఈ చెట్టు చెక్కకు ఒక గొప్ప గుణం ఉంది. ఆరేటప్పుడు చాలా తక్కువ కుంచించుకుంటుంది. అందుకే వంకర పోవడం, బీటలివ్వడం తక్కువ. చేవ ముదురు గోధుమ రంగు, నూనె పట్టిస్తే మెరుస్తుంది. బొగ్గుకు పోయే చెక్కతో వడ్డన గరిటె చేశారంటే పోటీలో చెప్పుకోవడానికి కూడా బాగుంటుంది. పెద్ద పలకలు దొరకవు, ముళ్ళు జాగ్రత్త. గరిటెకు చేతి మందం కొమ్మ చాలు.

వాడకూడనివి కూడా తెలుసుకోవాలి. గన్నేరు, పచ్చగన్నేరు విషం, వాటి పుల్ల కూడా వంటింట్లోకి రాకూడదు. నల్లజీడి రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. పాల చెట్లలో పేరు తెలియనివి వదిలేయండి. ప్లైవుడ్, ఎమ్‌డీఎఫ్ జిగురుతో చేసినవి, తిండికి పనికిరావు. పాత రైలు స్లీపర్లకు మందు పట్టించి ఉంటారు, పాత రంగు వేసిన ద్వారబంధాల్లో సీసం ఉండొచ్చు. ఏ చెట్టో తెలియని ముక్కను ఎంత బాగున్నా తీసుకోకండి.

ఆరబెట్టడం

ఎక్కువ గరిటెలు పాడయ్యేది ఇక్కడే. చెక్కలో తేమ ముక్క చివర్ల నుంచి చాలా వేగంగా పోతుంది, పక్కలనుంచి మెల్లగా పోతుంది. చివర ముందు ఆరి కుంచించుకుంటుంది, నడుమ ఇంకా ఉబ్బే ఉంటుంది, దాంతో చివర బీటలు లేస్తాయి. అందుకే కొమ్మ కోసిన రోజే రెండు చివర్లకూ కరిగించిన కొవ్వొత్తి మైనమో, చిక్కటి పెయింటో పూయండి. కావలసిన పొడుగు కంటే అటూ ఇటూ రెండేసి అంగుళాలు ఎక్కువ ఉంచుకోండి, బీట వచ్చినా కోసి పారేయొచ్చు. తర్వాత కొమ్మను నిలువునా రెండుగా చీల్చి, నడిమధ్యన ఉండే బెండు భాగాన్ని తీసేయండి. బెండు ఉంచిన ముక్క ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది.

మన వాతావరణాన్ని కూడా లెక్కలో వేసుకోండి. పోటీ సంక్రాంతికైతే చెక్క వేసవిలోనే సిద్ధం చేసుకోవాలి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు తీరాన్ని తడిపి ముద్ద చేస్తాయి. ఆ నెలల్లో చెక్క ఆరదు సరికదా బూజు పడుతుంది. మే నెల వడగాడ్పులు దీనికి ఎదురు. వాటికి వదిలేస్తే రెండు రోజుల్లో ముక్క చీలుతుంది. ఎండలో పెట్టకండి. నీడలో, గాలి ఆడే చోట, కింద చిన్న పుల్లలు వేసి వాటి మీద పేర్చండి. మరీ వేడి రోజుల్లో పైన గోనెపట్టా కప్పండి.

ఆరిందని ఎలా తెలుస్తుంది? అంగుళం మందానికి ఏడాది అనే లెక్క ఒకటి ఉంది, మన ఎండలకు సన్న ముక్కలు అంతకంటే ముందే ఆరతాయి. ఊహించడం మానేసి తూకం వేయండి. వంటింటి తూకం మీద వారానికోసారి పెట్టి, ముక్క మీదే పెన్సిలుతో బరువు రాయండి. వరసగా మూడు వారాలు బరువు మారకపోతే ఆరినట్టే.

టైము లేదా? అప్పుడు పచ్చి చెక్కనే చెక్కండి, కానీ ఇలా. పచ్చి చెక్క ఉలికి మెత్తగా తెగుతుంది. ఆకారాన్ని చివరి కొలత కంటే ఒక నూలు మందంగా చెక్కి, తల, మెడ, పిడి మందాల్లో పెద్ద తేడా లేకుండా చూసి, చెక్కినప్పుడు వచ్చిన పేళ్ళతోపాటు కాగితం సంచిలో పెట్టి మూతి మడవండి. మెల్లగా ఆరుతుంది. తూకం నిలిచాక మిగిలిన పని చేయండి. సన్నగా ఉండే గరిటెలకు ఇది బాగా కుదురుతుంది, మందం పళ్ళేలకు కుదరదు.

చెక్కడం

నార ఎటు నడుస్తోందో చూడండి. గరిటె పొడుగునా నార కూడా పొడుగ్గా నడవాలి. అడ్డంగా నడిస్తే మెడ దగ్గర పుటుక్కున విరుగుతుంది. మనం గీసుకున్న వంపు గుర్తుంది కదా, దాన్ని తిన్నటి చెక్కలోంచి కోస్తే మెడ దగ్గర నార తెగిపోతుంది. అందుకే సహజంగా వంగిన కొమ్మ దొరికితే వదలకండి. వంపులో నార కూడా వంపుతోనే నడుస్తుంది, మెడ పల్చగా చేసినా విరగదు. వంగిన కొమ్మ దొరక్కపోతే వంపు తగ్గించి, మెడను ఆరు నూళ్ళ మందం ఉంచండి.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. రంపం, బాడిస (చెక్కను పేళ్ళుగా లేపే చిన్న గొడ్డలి లాంటిది), ఒక మామూలు ఉలి, అంచు వంపు తిరిగిన ఉలి ఒకటి, కొయ్య సుత్తి, ఆకురాయి, మంచి చాకు. ఇవన్నీ ఊళ్ళో వడ్రంగి దగ్గర ఉంటాయి. ఒక పూట ఆయన పక్కన కూర్చుంటే పదును పట్టడం వస్తుంది, ఈ పనిలో సగం అదే. మొద్దు ఉలి చెక్కను కోయదు, చింపుతుంది. బలం ఎక్కువ పెట్టాల్సి వస్తుంది, చెయ్యి తెగేది కూడా అప్పుడే. సానరాయి మీద పట్టాక పాత తోలు బెల్టు మీద నాలుగుసార్లు లాగండి.

గుంట ముందు తవ్వండి. ముక్క ఇంకా చదరంగా ఉన్నప్పుడే బల్లకు క్లాంపుతో గట్టిగా బిగించవచ్చు. బయటి ఆకారం ముందు కోసేస్తే తర్వాత పట్టుకోవడానికి చోటే ఉండదు. వంపు ఉలితో నారకు అడ్డంగా, అంచులనుంచి మధ్యకు తవ్వుతూ రండి. నార వెంట తవ్వితే ఉలి లోపలికి దూసుకుపోయి పెద్ద పెచ్చు లేపుతుంది. చేపల పులుసు గరిటెకు గుంట ముందు వైపు దాదాపు సమంగా ఉండి, మెడ వైపు వచ్చేకొద్దీ కొంచెం లోతెక్కాలి. ముక్క ముందునుంచి జారి ఎక్కుతుంది, పులుసు వెనక నిలుస్తుంది.

తర్వాత పైనుంచి గీసిన ఆకారాన్ని రంపంతో, ఆపైన పక్కనుంచి గీసిన వంపును బాడిసతో తీయండి. అడుగు భాగాన్ని చాకుతో పల్చన చేసేటప్పుడు బొటనవేలు గుంటలో, చూపుడు వేలు అడుగున పెట్టి నొక్కుతూ మందం చూస్తూ ఉండండి. వేళ్ళకు తెలిసినంత బాగా కంటికి తెలియదు. ముందు అంచు ఒక నూలుకు తగ్గాలి, కానీ కత్తిలా పదునెక్కకూడదు. పదునైన అంచు ముక్కను కోస్తుంది, నీళ్ళు తగిలితే చిట్లుతుంది కూడా.

పిడిని గుండ్రంగా చేయకండి. పులుసు చేత్తో పట్టుకుంటే గుండ్రటి పిడి గిర్రున తిరిగి వడ్డించేది ఆకులో కాకుండా ఒళ్ళో పడుతుంది. కోడిగుడ్డును పక్కనుంచి నొక్కినట్టు, కొంచెం బల్లపరుపుగా ఉండాలి. చివర కాస్త లావుగా ఉంటే జారదు. దాక అంచుమీద ఆనించి పెట్టడానికి మెడ అడుగున చిన్న గాడి పెడితే గరిటె పులుసులోకి మునిగిపోదు. నగిషీ చేయాలనుంటే పిడి చివర చేసుకోండి, తల జోలికి వెళ్ళకండి, అక్కడి గీతల్లో మసాలా చేరుతుంది. ఉదయగిరి పువ్వులూ తీగలూ దించేసి సొంతమని చెప్పకండి. ఒకసారి అక్కడికి వెళ్ళి వాళ్ళ గరిటెలు చేతిలో పట్టుకుని చూడండి, ఒకటి కొనుక్కోండి. మెడ ఎంత పల్చగా ఉంచారో, అంచు ఎలా ముగించారో చూస్తే చాలా నేర్చుకోవచ్చు.

నునుపు, నూనె

గరుకు కాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120, 180, 240 వరకు నార వెంటే రుద్దండి. నంబరు దాటేశారంటే ముందటి గీతలు నూనె పూశాక బయటపడతాయి. ముక్కుకు గుడ్డో మాస్కో కట్టుకోండి, కొన్ని చెక్కల పొడికి దద్దుర్లు వస్తాయి. 240 అయ్యాక తడిగుడ్డతో గరిటె అంతా తుడిచి ఆరనివ్వండి. నార మళ్ళీ లేచి గరుకుగా తగులుతుంది. 320తో మెల్లగా తీసేయండి. ఇలా రెండుసార్లు చేస్తే వాడకంలో ఇక లేవదు. తొందరలో వదిలేసే పని ఇది, జడ్జి తడి చెయ్యి పెట్టగానే తెలిసిపోయేది కూడా ఇదే.

నూనె దగ్గర చాలామంది వంటింటి సీసా అందుకుంటారు. వేరుశనగ నూనె చెక్కలో గట్టిపడదు, కొన్ని వారాలకు ముక్కిన వాసన వేస్తుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఉడికించిన అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహపు మందులు కలుపుతారు, అదీ వద్దు. వార్నిష్, పాలిష్‌లు వేడి పులుసుకు పొరలుగా లేస్తాయి. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ మంచిది. వాసన ఉండదు, పాడవదు. దాన్ని గోరువెచ్చగా చేసి గుడ్డతో పూసి, రాత్రంతా పీల్చుకోనిచ్చి, మిగిలింది తుడిచేయండి. చెక్క తాగడం మానేదాకా రోజూ ఇలాగే. చివరి పూతకు నాలుగు వంతుల పారఫిన్‌లో ఒక వంతు తేనెమైనం కరిగించి పట్టించండి. మైనం 65 డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి వేడినీళ్ళ గిన్నెలో గిన్నె పెట్టి కరిగించండి, నేరుగా మంట మీద పెట్టొద్దు. పచ్చి అవిసె నూనె వాడాలనుకుంటే ఆరడానికి వారాలు పడుతుంది. ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరేయండి.

వడ్డించి చూడటం

పోటీకి ముందు నిజంగా వండి, నిజంగా వడ్డించండి. వీలైతే ఒకే చెక్కలోంచి రెండు గరిటెలు చేసుకుని, ఒకటి పరీక్షకు వాడండి. వడ్డించేవాళ్ళు మీరు కాకూడదు. ఇంట్లో అమ్మనో, అత్తనో, రోజూ వడ్డించే మనిషిని అడగండి. ఏమీ చెప్పకుండా గరిటె చేతికిచ్చి, ఎలా పట్టుకుంటున్నారో చూడండి. పట్టు మార్చుకుంటున్నారంటే పిడిలో లోపం ఉంది. "బాగుందిరా" అన్న మాటకంటే ఆ వేళ్ళు చెప్పేది నమ్మండి. ముక్క ఎత్తేటప్పుడు ముందు అంచు అడ్డుపడితే ఆకురాయితో ఇంకొంచెం తీయండి. వాడాక వెంటనే కడిగి నిలబెట్టి ఆరబెట్టండి, సింకులో నానేయకండి. పసుపు మరక పడితే కంగారు పడక్కర్లేదు, కాసేపు ఎండ తగిలితే పసుపు రంగు వెలుస్తుంది, తర్వాత మళ్ళీ నూనె పూస్తే చాలు.

పోటీ రోజు గరిటె పక్కన చిన్న చీటీ పెట్టండి. చెక్క పేరు, ఎక్కడ దొరికింది, పైన ఏం పూశారు, ఏ వంటకానికి అన్నవి రాస్తే చాలు. ఎంత కష్టపడ్డారో రాయక్కర్లేదు. పగులుకు రంపపు పొట్టు, జిగురు కూరి ఉంటే దాచకండి, అసలు అలాంటి ముక్కను తిండికి వాడేదిగా పెట్టకండి.

పోటీ నడిపేది మీరే అయితే ఒక్క మాట. మార్కుల్లో సగం వడ్డనకు పెట్టండి. బల్ల చివర ఒక గిన్నెలో వేడి అన్నం, ఒక దాకలో పులుసు, ఒక జాడీలో ఊరగాయ ఉంచి, ప్రతి గరిటెతోనూ దాని పదార్థాన్ని జడ్జిలే వడ్డించాలి. జడ్జిల్లో ఒకరు వడ్రంగి అయితే, ఇంకొకరు పెళ్ళిళ్ళలో వడ్డించే మనిషి అయ్యుండాలి. గరిటెలు కడగడానికి నీళ్ళ బక్కెట్టు, తుడవడానికి పొడి నూలుగుడ్డలు పక్కనే పెట్టండి. ఎవరి గరిటెను వాళ్ళే కడుక్కునేలా చూస్తే పగుళ్ళ గురించి తర్వాత తగాదాలు రావు.